మోటారు ఎచ్చట ఆగవలెను?
కాలువ తలుపుల నుండి రాడారు వరకు స్థాన నియంత్రణ చరిత్ర

కృష్ణానదికి కుడివైపున సీతానగరము వద్ద బయలుదేరు పడమటి డెల్టా కాలువ దుగ్గిరాల చేరి శాఖలుగా చీలుచున్నది. తెనాలి పట్టణము గుండా మూడు కాలువలు పారుచున్నవి. కొమ్మమూరు కాలువ బాపట్ల వైపునకును, నదిగట్టు వెంట సాగు బ్యాంకు కాలువ రేపల్లె వైపునకును నీటిని కొనిపోవుచున్నవి. ఈ కాలువల మీద లాకులు, తూములు, వాటికి ఇనుప తలుపులు కలవు. తలుపు ఎంత లేచినదో దానిని బట్టియే దిగువనున్న పొలమునకు నీరు చేరును.

తలుపును చేతితో లేపు లస్కరును గమనింపుడు. ఆరు అంగుళములు లేపుమని పై నుండి ఉత్తరువు వచ్చును. అతడు మర పిడిని త్రిప్పును. నడుమ నడుమ గేజి పలక వైపు చూచును. నాలుగు అంగుళములే లేచినచో ఇంకను త్రిప్పును. ఏడైనచో వెనుకకు త్రిప్పును. ఆరు కాగానే చేయి ఆపును. ఇది మిక్కిలి సామాన్యమైన పనిగా కనిపించును. కాని యిందు మూడు వేర్వేరు పనులు ఇమిడియున్నవి. కోరిన స్థానమును మనసున నుంచుకొనుట మొదటిది. ఉన్న స్థానమును కంటితో చూచుట రెండవది. రెండింటికి గల తేడాను బట్టి చేతిని కదలించుట మూడవది.

లస్కరు త్రిప్పు పిడికి బదులుగా విద్యుత్ మోటారును అమర్చినచో, మూడవ పనిలోని కాయకష్టమును మాత్రమే యంత్రమునకు అప్పగించినట్లగును. తక్కిన పనులు ఎవరు చేయవలెను? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము దొరకుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టెను. ఓడలు, లాకులు, రాడారులు ఒక్కొక్కటి ఆ సమాధానములో ఒక్కొక్క భాగమును సమకూర్చినవి.

ఆనకట్ట, బారేజి

విజయవాడ వద్ద కృష్ణకు అడ్డముగా మొదటి ఆనకట్ట నిర్మాణము 1852లో మొదలై 1855లో ముగిసెను. సర్ ఆర్థర్ కాటన్ దీనికై పట్టుబట్టగా, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో పని జరిగెను. ఆనకట్ట యనగా నదికి అడ్డముగా నిలిచిన కదలని గోడ. నీటిమట్టము గోడ ఎత్తునకు వచ్చువరకు నీరు కాలువలలోనికి పోవును. అంతకు మించిన నీరు గోడపై నుండి పొర్లి సముద్రమునకు పోవును. కదలని గోడకు నియంత్రణ అక్కరలేదు. దానిని ఎంత ఎత్తున కట్టిరో అంతే దాని తెలివి.

ఈ ఆనకట్టకు 1952లో గండి పడెను. 1954లో ప్రారంభించి 1957 నాటికి దానికి చేరువలోనే బారేజిని కట్టిరి. ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశము పేరు దానికి పెట్టిరి. ప్రకాశము బారేజి పొడవు 1223 మీటర్లు. దీనికి 70 తలుపులు కలవు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు.

ఆనకట్టకును బారేజికిని గల భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. బారేజిలో నదిని ఆపునది గోడ కాదు, తలుపు. వరద వచ్చినపుడు తలుపులు పైకి లేచి నదికి దారి ఇయ్యవలెను. వరద తగ్గినపుడు క్రిందికి దిగి నీటిని నిలుపవలెను. తలుపు ఉండవలసిన చోట లేనిచో బారేజి ఉన్నను ప్రయోజనము లేదు.

ఇంత పెద్ద తలుపును లేపుటకు ఎంతో బలము కావలెనని తోచును. మన పల్లెలలోని ఏతమును జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ సందేహము తీరును. ఏతపు దూలమునకు ఒక కొనను బాన వ్రేలాడుచుండ, రెండవ కొనను రాయి గాని మట్టిముద్ద గాని కట్టుదురు. ఆ బరువు బాన బరువును చాలవరకు సరితూచుటచే నీరు తోడువానికి శ్రమ తగ్గును. అదే విధముగా బారేజి తలుపులకు ఎదురు బరువులు అమర్చబడియున్నవి. తలుపు బరువులో అధిక భాగమును అవి మోయును. మిగిలిన బరువును, నీటి ఒత్తిడి వలన కలుగు ఘర్షణను మాత్రమే మోటారు జయింపవలెను.

మోటారునకు తెలియని విషయము

తీగెలో ప్రవహించు విద్యుత్తును, అయస్కాంతమును ఉపయోగించి ఎడతెగని భ్రమణమును పుట్టింపవచ్చునని మైకేల్ ఫారడే 1821లో చూపెను. ఏకాంతర విద్యుత్తుతో తిరుగు మోటారుకు నికోలా టెస్లా 1888లో పేటెంటు పొందెను. నేడు పిండిమరలో, పొలములోని పంపులో తిరుగుచున్నవి అధికముగా ఈ జాతి మోటార్లే. ఇవి తిరుగుటలో దిట్టలు. కాని తాము ఎచ్చట ఉన్నదియు, ఎచ్చట ఆగవలసినదియు వీటికి తెలియదు. మీట వేసిన తిరుగును, మీట తీసిన కొంత దూరము తిరిగి ఆగును. పిండిమరకు అంతకంటె ఎక్కువ అవసరము లేదు. తలుపునకు అవసరము.

మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో వచ్చును. నాలుగు ధ్రువముల మోటారు ఆ విద్యుత్తుతో నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. తలుపు మాత్రము నిమిషమునకు 30 సెంటీమీటర్లు లేచిన చాలుననుకొందము. అపుడు మోటారు ఒక చుట్టు తిరిగిన తలుపు 0.2 మిల్లీమీటరు మాత్రమే కదలవలెను. ఇందులకై మోటారునకు, తలుపును లాగు ఇనుపతాడునకు నడుమ పళ్ల చక్రముల వరుసను అమర్చుదురు. పళ్ల చక్రములు వేగమును తగ్గించి బలమును పెంచును. కరెంటు పోయినపుడు తలుపు జారకుండుటకు బ్రేకు ఉండును. కరెంటు ఉన్నంతసేపు విద్యుదయస్కాంతము బ్రేకును ఎత్తిపట్టును. కరెంటు పోగానే స్ప్రింగు దానిని బిగించును. ఆపద సమయమున తనంతట బిగియునట్లు చేసిన ఈ ఏర్పాటు మిక్కిలి తెలివైనది.

తరువాతి ఏర్పాటు లిమిట్ స్విచ్చి. తలుపు పూర్తిగా లేచినపుడు ఒక మీటను తాకి మోటారుకు కరెంటును తానే ఆపివేయును. పూర్తిగా దిగినపుడు రెండవ మీట అదే పని చేయును. ఇది లేనిచో మోటారు తలుపును దూలమునకు గుద్ది తాడును త్రెంచును. కాని లిమిట్ స్విచ్చికి తెలిసినవి రెండే స్థానములు: పూర్తిగా తెరచుట, పూర్తిగా మూయుట. ఆరు అంగుళములు లేపవలెనన్నచో మరల ఒక మనిషి గేజిని చూచుచు బొత్తాము నొక్కవలెను. చేయి పని మోటారుకు పోయినది గాని కంటి పని మనిషికే మిగిలినది.

ఓడ చుక్కాని నేర్పిన పాఠము

కంటి పనిని యంత్రమునకు మొదట నేర్పినవారు ఓడల ఇంజనీర్లు. వారు వాడినది ఆవిరి. ఒకప్పుడు తెనాలి, దుగ్గిరాల కాలువలలో సరకుల పడవలు తిరుగుచుండెడివి. పడవవాడు ఒక్క చేతితో చుక్కానిని త్రిప్పగలడు. కాని 1858లో జలప్రవేశము చేసిన గ్రేట్ ఈస్టరన్ ఓడ పొడవు 692 అడుగులు. దాని చుక్కానిని చేతులతో త్రిప్పుట అనేకులకు కూడ కష్టము. కనుక ఆవిరి యంత్రముతో త్రిప్పవలెనని తలచిరి. అంతట చిక్కు వచ్చినది. ఆవిరి కవాటమును తెరచినచో చుక్కాని తిరుగుచునే యుండును. కోరిన కోణము వద్ద ఆగదు.

జాన్ మెక్‌ఫార్లేన్ గ్రే అను ఇంజనీరు 1866లో దీనికి ఉపాయము కనుగొనెను. చోదకుడు చక్రమును త్రిప్పినపుడు ఆవిరి కవాటము తెరచుకొనును. చుక్కాని తిరుగ మొదలిడును. ఆ తిరుగుట ఒక కడ్డీ ద్వారా వెనుకకు చేరి, తెరచిన కవాటమునే క్రమముగా మూయును. చుక్కాని చక్రము చూపిన కోణమునకు చేరునప్పటికి కవాటము పూర్తిగా మూసికొనును, యంత్రము ఆగును. చోదకుడు చక్రమును మరికొంత త్రిప్పినచో అంత మేరకే చుక్కాని కదలును.

ఇందలి కీలకమేమన, ఫలితము వెనుకకు వచ్చి కారణమును సవరించుట. దీనినే ఇంగ్లీషున ఫీడ్‌బాక్ అనియు, మన పాఠ్యగ్రంథములలో పునర్నివేశము అనియు అందురు. ఫ్రాన్సు దేశమున జోసెఫ్ ఫార్కో ఇటువంటి యంత్రములనే నిర్మించి, 1873లో వాటిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. వాటికి ఆయన పెట్టిన పేరు సర్వోమోటారు. లాటిను భాషలో సర్వుస్ అనగా సేవకుడు. యజమాని చేయి ఎటు కదలిన అటు, ఎంత కదలిన అంత కదలు సేవకుడని భావము. నేడు బొమ్మ విమానముల రెక్కలను త్రిప్పు చిన్న మోటారుకు కూడ సర్వో అను పేరే నిలిచినది.

పనామా లాకులు

కడ్డీ ద్వారా సమాచారము పంపుట ఒక ఓడలోపల సాధ్యమే. కాని తలుపు ఒకచోట, దానిని నడపు మనిషి అర మైలు దూరమున ఉన్నచో కడ్డీ పనికిరాదు. ఈ చిక్కు పనామా కాలువ నిర్మాణములో ఎదురయ్యెను. దుగ్గిరాల లాకులో పడవను ఒక మట్టము నుండి మరొక మట్టమునకు చేర్చు పద్ధతియే పనామాలోను కలదు. పరిమాణములో మాత్రము పోలిక లేదు. అచ్చటి లాకు తలుపు రెక్క ఒక్కొక్కటి 64 అడుగుల వెడల్పు, 7 అడుగుల మందము గలది. ఎత్తు స్థానమును బట్టి 47 నుండి 82 అడుగుల వరకు ఉండును. లోపల బోలుగా నుండి నీటిలో తేలుటకు అనువుగా నుండుటచే, అంత రెక్కను 25 అశ్వశక్తుల మోటార్లు రెండు కదలింపగలిగెను.

1914 ఆగస్టు 15న పనామా కాలువ రాకపోకలకు తెరచిరి. తలుపులను, కవాటములను నడపుటకు ఒకే గదిలో పొడవైన బల్లను ఏర్పాటు చేసిరి. బల్లమీద లాకు యొక్క చిన్న నమూనా కలదు. బయట నిజమైన తలుపు ఎంత తిరిగిన, బల్లమీది చిన్న తలుపు అంతే తిరుగును. నీటిమట్టమును చూపు సూచికలు కూడ అట్లే కదలును. తప్పు వరుసలో మీటను త్రిప్పినచో అది కదలకుండ బల్ల క్రింద కడ్డీలతో తాళములు అమర్చిరి.

ఈ అనుకరణ సెల్సిన్ అను చిన్న యంత్రముల జంట వలన సాధ్యమైనది. రెండు యంత్రములును ఒకే పోలిక గలవి. ఒక్కొక్కదానిలో నిలిచియున్న మూడు తీగచుట్టలు, వాటి నడుమ తిరుగు ఒక చుట్ట ఉండును. తిరుగు చుట్టలకు ఏకాంతర విద్యుత్తును ఇత్తురు. నిలిచిన చుట్టలను మూడు తీగలతో ఒకదానికొకటి కలుపుదురు. తలుపు వద్ద నున్న యంత్రపు చుట్ట ఏ కోణమున నున్నదో దానిని బట్టి మూడు తీగలలో ఓల్టేజీలు ఏర్పడును. బల్ల వద్ద నున్న చుట్ట వేరొక కోణమున నున్నచో తీగలలో కరెంటు ప్రవహించి దానిని త్రిప్పును. రెండును ఒకే కోణమునకు రాగానే కరెంటు ఆగును, చుట్ట నిలుచును. అనగా ఒక కోణము తీగల మీదుగా ప్రయాణము చేసినది. గేజి పలకను చూచు లస్కరు కంటికి బదులుగా విద్యుత్తు పనిచేయుట ఇచ్చట స్పష్టముగా చూడవచ్చును.

ఊగిసలాట

కన్ను, చేయి రెండును దొరకిన తరువాత వాటిని కలిపి, మనిషి ప్రమేయము లేకుండ నడపవచ్చును గదా! కోరిన స్థానము నుండి ఉన్న స్థానమును తీసివేయగా వచ్చు తేడాను దోషము అందురు. దోషము ఎంత ఉన్నదో అంత ఓల్టేజీని మోటారుకు ఇచ్చిన చాలును. దోషము పెద్దదైనచో మోటారు వేగముగా తిరుగును. సున్న అయినచో ఓల్టేజీ కూడ సున్న యగును. వినుటకు ఈ పద్ధతి సంపూర్ణముగా తోచును.

కాని ఆచరణలో మోటారు గమ్యమును దాటిపోవును. దోషము సున్నయైన క్షణమున ఓల్టేజీ ఆగినను, తిరుగుచున్న బరువునకు జడత్వము కలదు. దాటిన పిమ్మట దోషము వ్యతిరేక దిశలో ఏర్పడి మోటారు వెనుకకు వచ్చును, మరల దాటును. ఇట్లు ఇటునటు ఊగుటను ఇంజనీర్లు వేట అను అర్థము గల పేరుతో పిలిచిరి. ఆవిరి యంత్రముల వేగమును నిలుపు గవర్నర్లలో కూడ ఈ జబ్బు కనిపించెను. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1868లో గవర్నర్లను గూర్చి వ్రాసిన పత్రమున, ఏ పరిస్థితులలో ఊగిసలాట అణగునో, ఏ పరిస్థితులలో పెరుగునో సమీకరణములతో చూపెను.

రష్యాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన నికొలస్ మినోర్‌స్కీ 1922లో ఓడలను తమంతట నడపుటను గూర్చి ఒక పత్రమును ప్రకటించెను. అనుభవజ్ఞుడైన చోదకుడు ఏమి చేయునో దానిని గణితముగా మార్చుట ఆయన పద్ధతి. చోదకుడు మూడు విషయములను లెక్కలోనికి తీసికొనును.

మొదటిది, ఓడ దారి నుండి ఎంత తొలగినది. తొలగుట ఎంత ఎక్కువయో చుక్కాని అంత ఎక్కువ త్రిప్పును.

రెండవది, ఓడ ఎంత వేగముగా తిరుగుచున్నది. ఓడ దారికి వచ్చుచున్నపుడు, అది పూర్తిగా రాకముందే అతడు చుక్కానిని ఎదురు దిశకు త్రిప్పును. కాలువ పడవను నడపు సరంగు చేయునదియు ఇదే. గట్టు దగ్గరకు వచ్చువరకు ఆగి త్రిప్పినచో పడవ గట్టును ఢీకొనును.

మూడవది, తప్పు ఎంతకాలము నిలిచినది. ప్రక్కగాలి ఎడతెగక వీచుచున్నచో చిన్న దోషము ఎప్పటికిని మిగులును. చోదకుడు దానిని కొంతసేపు చూచి, చుక్కానిని కొద్దిగా ఒక ప్రక్కకు స్థిరముగా ఉంచును.

గణిత భాషలో ఇవి దోషము, దోషపు మార్పు రేటు, దోషముల సంకలనము. కలన గణితము చదివిన విద్యార్థులు రెండవదానిని అవకలనముగను, మూడవదానిని సమాకలనముగను గుర్తింపగలరు. న్యూ మెక్సికో అను అమెరికా యుద్ధనౌక మీద 1923లో ఈ పద్ధతిని పరీక్షించిరి. నేటి కర్మాగారములలో మోటారును గమ్యమున నిలుపు నియంత్రకములలో చాలవరకు ఈ మూడు అంశములనే వాడుచున్నారు.

రాడారు, తుపాను

టెలిఫోను రంగమున హెరాల్డ్ బ్లాక్ 1927లో పునర్నివేశముతో పనిచేయు యాంప్లిఫయరును ఊహించెను. 1932లో హారీ నైక్విస్ట్ అట్టి పరికరము ఎప్పుడు స్థిరముగా ఉండునో తెలుపు నియమమును ఇచ్చెను. 1934లో హెరాల్డ్ హేజెన్ సర్వో యంత్రముల సిద్ధాంతమును ప్రకటించెను. రెండవ ప్రపంచయుద్ధములో రాడారు వచ్చిన తరువాత ఈ దారులన్నియు ఒకటైనవి. రాడారు పళ్లెము ఏ దిక్కునకు తిరిగియున్నదో ఖచ్చితముగా తెలియనిచో, అది చూపిన వస్తువు ఎచ్చట ఉన్నదో తెలియదు.

ఈ విషయము కృష్ణా డెల్టాకు దూరమైనది కాదు. మచిలీపట్నములోని డాప్లర్ రాడారు తీరమునకు వచ్చు తుపానులను కనిపెట్టుచుండును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువలో తీరము దాటెను. మచిలీపట్నము నుండి బాపట్ల తిన్నని గీతగా సుమారు 77 కిలోమీటర్లు. పళ్లెపు దిక్కును కొలుచుటలో ఒక్క డిగ్రీ పొరపాటు వచ్చినచో, అంత దూరమున స్థానములో 1.3 కిలోమీటర్ల పొరపాటు వచ్చును. సముద్రములో 250 కిలోమీటర్ల దూరమున అదే పొరపాటు 4.4 కిలోమీటర్లగును. పళ్లెమును త్రిప్పు మోటారు ఎంత మంచిదైనను, దాని కోణమును కొలుచు పరికరము మంచిది కానిచో ప్రయోజనము లేదు.

సెల్సిన్ చేసిన పనిని నేడు అనేక చోట్ల ఎన్‌కోడరు చేయుచున్నది. ఇరుసునకు ఒక పలుచని బిళ్లను అమర్చి, దానిపై గీతలు గీయుదురు. కాంతిపుంజము ఆ గీతలను చదువును. చుట్టును 4096 భాగములు చేసినచో 0.09 డిగ్రీ వరకు కోణమును తెలిసికొనవచ్చును. వీటిలో రెండు జాతులు కలవు. ఒక జాతి గీతలను లెక్కించుచు పోవును. కరెంటు పోయినపుడు లెక్క మరచును. రెండవ జాతిలో ప్రతి స్థానమునకు వేరొక గుర్తు ఉండును; కరెంటు తిరిగి రాగానే తానున్న చోటును చెప్పగలదు. తుపాను రాత్రి కరెంటు పోవు చోట కాలువ తలుపునకు ఏ జాతి తగునో విద్యార్థులే చెప్పగలరు.

ఒక సెంటీమీటరు విలువ

ఇంత ఖచ్చితము కాలువ తలుపునకు అవసరమా యను ప్రశ్న రావచ్చును. ఒక లెక్క చేసి చూతము. 2 మీటర్ల వెడల్పు గల తూము తలుపు 10 సెంటీమీటర్లు లేచియున్నదనుకొందము. తలుపు వద్ద నీటి ఒత్తిడి ఎత్తు 1.25 మీటర్లు. నీటి వేగము 2, 9.8, 1.25ల లబ్ధమునకు వర్గమూలము. అనగా సెకనుకు 4.95 మీటర్లు. ప్రవాహము సన్నబడుటను బట్టి 0.6తో గుణించినచో, తూము ద్వారా సెకనుకు 0.594 ఘనమీటర్లు, అనగా సుమారు 21 క్యూసెక్కులు పోవును.

తలుపు స్థానములో ఒక్క సెంటీమీటరు తప్పు వచ్చినదనుకొందము. ప్రవాహములో సెకనుకు 0.0594 ఘనమీటరు, అనగా సుమారు 59 లీటర్లు తేడా వచ్చును. ఒక దినమున 86,400 సెకండ్లు. మొత్తము తేడా 5,100 ఘనమీటర్లకు పైన. ఇంత నీరు 25 ఎకరముల వరిపొలమున 5 సెంటీమీటర్ల లోతున నిలుచును. ఎగువన ఒక వ్రేలి వెడల్పు తప్పు దిగువన ఇరువదియైదెకరముల పైరు. రేపల్లె, బాపట్ల ప్రాంతములు కాలువల చివర నున్నవి. ఎగువ తూములన్నియు కొద్దికొద్దిగా ఎక్కువ తెరచుకొన్నచో, ఆ లోటంతయు చేరునది చివరి రైతు పొలమునకే.

తలుపు స్థానము సరిగా నున్నంత మాత్రమున నీరు సరిగా పోవునని కూడ చెప్పరాదు. ఎగువ మట్టము మారినచో, తలుపు కదలకున్నను ప్రవాహము మారును. కావున మట్టమును కూడ కొలిచి, దానిని బట్టి తలుపు స్థానమును మార్చుచుండవలెను. ఇచ్చట మాక్స్‌వెల్ చెప్పిన చిక్కు మరల ఎదురగును. సెకనుకు 0.75 మీటరు వేగముతో పారు నీరు 60 కిలోమీటర్లు పోవుటకు 22 గంటలు పట్టును. మట్టములోని మార్పు నీటికంటె కొంత ముందుగా చేరినను గంటల కొలది ఆలస్యము తప్పదు. చివరన మట్టము పెరుగువరకు ఎగువ తలుపును లేపుచునే యున్నచో, నీరు చేరునప్పటికి అది అధికమగును. వెంటనే దించినచో మరునాడు కొరత పడును. మోటారు క్షణములలో ఊగును. కాలువ దినములలో ఊగును. రెండింటికి సూత్రమొక్కటే.

కొలత తప్పినచో

తుంగభద్ర ఆనకట్టకు 33 తలుపులు కలవు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ తలుపు గొలుసు తెగి, తలుపు కొట్టుకొనిపోయెను. అంతకు ముందు 2021 ఆగస్టు 5న, కృష్ణ మీద ప్రకాశము బారేజికి ఎగువన నున్న పులిచింతల జలాశయమున 16వ తలుపు ఊడిపోయెను. కృష్ణా డెల్టాకు నీటిని నిలువ చేయు జలాశయమది. రెండు చోట్లను నిలువ నీరు నదిపాలయ్యెను. తుంగభద్రలో ఖాళీ పడిన చోట, తలుపుల నిపుణుడు కన్నయ్య నాయుడు నేతృత్వమున ఉక్కు పలకలను దింపి, పారుచున్న నీటిని ఆపిరి.

ఈ ఘటనలు స్థానమును కొలుచుటను గూర్చి ఒక ముఖ్య ప్రశ్నను లేవనెత్తును. కొలత పరికరమును ఎచ్చట అమర్చవలెను? మోటారు ఇరుసునకు అమర్చుట సులభము, చౌక. అది పొడిగా నుండును, చేతికి అందును. కాని అది తెలుపునది మోటారు ఎన్ని చుట్లు తిరిగినదను విషయము మాత్రమే. తలుపు ఎచ్చట ఉన్నదో అది ఊహించి చెప్పుచున్నది. మోటారునకు తలుపునకు నడుమ పళ్ల చక్రములు, గొలుసు, తాడు కలవు. పళ్లు అరగవచ్చును, తాడు సాగవచ్చును, గొలుసు తెగవచ్చును. గొలుసు తెగిన తరువాత కూడ ఇరుసు మీది సూచిక పాత అంకెనే చూపుచు నిలుచును. తలుపు మీదనే మరొక కొలత పరికరమున్నచో, రెండు అంకెల నడుమ తేడా వచ్చిన క్షణముననే గంట మ్రోగింపవచ్చును. తాడులోని బిగువును కొలుచు పరికరము కూడ ఈ పని చేయగలదు. ఇవి గొలుసు తెగకుండ ఆపలేవు. కాని తెగిన సంగతిని దాచిపెట్టవు. గొలుసు తుప్పును, సన్నబడిన లంకెను ముందుగా కనిపెట్టు పని మాత్రము సుత్తి, దీపము చేతబట్టి తలుపు మీదికి ఎక్కు మనిషిదే.

2024 సెప్టెంబరు మొదటి వారమున ప్రకాశము బారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. బారేజి చరిత్రలో అంతటి వరద నమోదు కాలేదు. ఆ వరదలో పెద్ద పడవలు కొట్టుకొనివచ్చి తలుపుల వద్ద చిక్కుకొనుటచే, కొన్ని ఎదురు బరువులు విరిగినవి. దిగువన రేపల్లె, కొల్లూరు వైపు లంక గ్రామములు జలమయమైనవి. తలుపులన్నియు పూర్తిగా లేచిన తరువాత నియంత్రణకు మిగులునది లేదు. అట్టి దినమున మోటారు చేయవలసినది ఒక్కటే: లెమ్మనగానే లేచుట. ఏటి పొడవునా బ్రేకును, లిమిట్ స్విచ్చిని, తాడును పరీక్షించుచున్నచోనే ఆ ఒక్కటి జరుగును.

పాఠశాలలో ఒక ప్రయోగము

ఈ సూత్రమును ఉన్నత పాఠశాలలో చూపుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. బ్యాటరీతో తిరుగు చిన్న మోటారు, పళ్ల చక్రములు, రేడియోలో శబ్దమును పెంచు పొటెన్షియోమీటరు వంటివి రెండు ఉన్న చాలును. ఒక పొటెన్షియోమీటరును విద్యార్థి త్రిప్పును. అది కోరిన స్థానము. రెండవదానిని మోటారు ఇరుసునకు బిగింతురు. అది ఉన్న స్థానము. రెండింటి ఓల్టేజీల తేడాను యాంప్లిఫయరు ద్వారా మోటారుకు ఇత్తురు. విద్యార్థి చేయి ఎటు కదలిన మోటారు అటు కదలును. యాంప్లిఫయరు వృద్ధిని పెంచుచు పోయినచో మోటారు వణకుట మొదలిడును. అదియే మాక్స్‌వెల్, మినోర్‌స్కీ చూచిన ఊగిసలాట. రెండవ పొటెన్షియోమీటరును ఇరుసు నుండి ఊడదీసి చూపుట మరువరాదు. అపుడు మోటారు తానెచ్చట ఉన్నదియు తెలియక ఎడతెగక తిరుగుచునే యుండును.

2022 ఏప్రిల్ నుండి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోను, తెనాలి గుంటూరు జిల్లాలోను ఉన్నవి. పేరునకు జిల్లాలు వేరైనను నీరు ఒక్కటే, అది దాటి వచ్చు తలుపులును ఒక్కటే. ఎగువన ఒక తలుపు తానున్న చోటును నిజముగా చెప్పగలిగినపుడే, దిగువన కాలువ చివరి రైతు తన వంతు నీటిని లెక్క కట్టుకొనగలడు.